మెత్తని చేతుల నాంచారు

మార్కండేయులని ఒకాయన ఉన్నాడంట. నేతగాడు. ఆయన నేసిన పట్టుచీర మడతపెట్టి చేతిలో పెడితే పెట్టినట్టే తెలిసేది కాదంట, చేతిలో పెట్టుకోనే ఏదయ్యా చీర అని అడిగేవాళ్ళంట. ఊరి పేరెందుకులే, ఆ ఊరి ఆడపడుచులు ఇక్కడే ఇద్దరున్నారు, మా ఊరినంటావా అని మళ్ళీ నా మీదకొస్తారు. ఊరు ఊరంతా నేతపనివాళ్ళే అనుకో, ఏ గుమ్మంలో నిలబడ్డా మగ్గం చప్పుడే. ఆ ఊళ్ళో ఏటేటా భావనారుషి సామికి కల్యాణం చేస్తారు. కల్యాణానికి అమ్మవారు భద్రావతమ్మకి పట్టుచీర పెట్టాల గదా, ఆ చీర నేసేది ఈ మార్కండేయులు ఇంట్లోనే. వాళ్ళ నాయన నేసినాడు, వాళ్ళ తాత నేసినాడు, ఆ పైన ఎవరు నేసినారో వాళ్ళకే తెలవదు. అయితే ఊరికే నెయ్యనిస్తారా, దానికో కట్టుబాటుంది. ఏడేళ్ళకోసారి, అమ్మవారి చీరకి కొత్త పడుగు ఎక్కించే రోజున, ఆ ఇంటి పిల్లో పిల్లాడో, ఏడేళ్ళు నిండనోళ్ళు, మొదటి పోగు అతకాల. పడుగంటే తెలుసుగా, మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టే దారాలు. పాత పడుగు నేయడం అయిపోయిందనుకో, దాని కొసలు మగ్గం మీదే ఉంచి ఒక్కో కొసకి ఒక్కో కొత్త పోగు కలపతారు. ముడేస్తే లావొస్తది, అందుకని రెండు కొసలూ వేలికీ బొటనవేలికీ మధ్యన పెట్టి మెలేస్తారు, చూడండి, ఇట్టా. అదీ అతుకంటే. పెద్దోళ్ళు చెయ్యి పట్టకూడదు, నోరెత్తకూడదు, మూడుసార్లు వీలిస్తారు. ఆ ఏటికి ఇంట్లో పసివాళ్ళు లేకపోతే పుట్టేదాకా ఊరు ఆగుద్ది. మా ఇంట్లో వచ్చే తరానికి కూడా చెయ్యి ఉందమ్మా అని అమ్మవారికి చూపించుకోవడమన్నమాట. అతికితే ఏడేళ్ళు చీర వాళ్ళదే. అతకలేదా, చీర ఇంకో ఇంటికి పోద్ది. పోయిందంటే మళ్ళీ తిరిగొచ్చిన ఇల్లు లేదంట ఆ ఊళ్ళో.

ఈ మార్కండేయులికి ఒక్కతే కూతురు, మాణిక్యం. ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకున్నాడు, గంగాధరమని, నోట్లో నాలుక లేనోడు, మంచోడే పాపం, ఈ కతలో ఇంక కనపడడు, మగ్గం గుంటలో కాళ్ళు దింపుకోని పనిచేసుకుంటా ఉంటాడు. మాణిక్యానికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఆడపిల్ల పుట్టింది, నాంచారని పేరు పెట్టారు. పుట్టగానే తాతని పిలిచి చూపిస్తే ఆయన మొహం చూళ్ళేదంట. గుప్పిళ్ళు విప్పి చేతులు చూశాడంట. ఎందుకంటావా, ఆయన దిగులు ఆయనది. పట్టుపోగు ఎట్టాంటిదంటే, వేలికి రవ్వంత గరుకుంటే చాలు, పట్టుకోని వదలదు, పీచు లేస్తది. యాభై దాటినాక ఆయన వేళ్ళు పగుళ్ళిచ్చినయ్, పోగు తగులుకుంటంది, రోజూ తిట్టుకుంటా నేస్తన్నాడు. అందుకని ఏమన్నాడంటే, అమ్మా మాణిక్యం, ఈ పిల్ల చేతులు మనింటి ఆస్తి, ఈ చేతులకి గరుకనేది తగలకూడదు, నా మనవరాలి చేతులు పట్టుకన్నా మెత్తగా ఉండాల అన్నాడంట. అన్నాడా, ఇంక ఆ ఇంట్లో అదే శాసనం.

పాత పట్టుపంచె చింపి రెండు చిన్న సంచులు కుట్టించాడంట. పిల్ల రెండు చేతులకీ రెండు సంచులు, మణికట్టు కాడ నాడా. నవ్వుతారేంది, నిజంగానే. పొద్దునపూట ఆవదం పూసేది, సాయంత్రం వెన్న పూసేది, మళ్ళీ సంచులు కట్టేది. మట్టి ముట్టకూడదు, రాయి ముట్టకూడదు, పుల్ల ముట్టకూడదు, తాడు ముట్టకూడదు. అన్నం వాళ్ళమ్మే పెడతది, నీళ్ళు వాళ్ళమ్మే తాపుద్ది. పిల్ల బొమ్మ కావాలని ఏడిస్తే మాణిక్యం ఆ బొమ్మని ఎదురుగా పెట్టుకోని తనే ఆడేదంట, పిల్ల కూర్చోని చూసేదంట. ఊళ్ళో ఆడోళ్ళు పనిగట్టుకోని వచ్చి సంచులు విప్పించుకోని, ఆ చేతులు తాకి చూసి, అబ్బ వెన్నముద్దలే తల్లీ అని పోయేవాళ్ళంట. మార్కండేయులు అరుగు మీద కూర్చోని మీసం దువ్వుకునేవాడు. ఏమ్మే రత్తమ్మా, నువ్వు కాయలొలవడం ఆపి నోరు తెరుచుకోని వినబాక, చెవులతో విను, చేతులతో ఒలువు. ఇదుగో ఈ కత రాసుకునే నాయనా, నువ్వూ నాలుగు ఒలువు, చెయ్యి నొప్పి పుడతదిలే రాసీ రాసీ.

అట్టా పిల్లకి ఆరో ఏడు వచ్చింది. చీర పడుగెక్కించే రోజుకి ఇంక నాలుగు నెలలుందనంగా, ఒక మంచిరోజు చూసుకోని తాత సంచులు విప్పించి, పిల్లని మగ్గం కాడికి తీసుకుపోయి, పట్టుపోగు ఒకటి వేళ్ళ మధ్యన పెట్టాడంట. పట్టుకో తల్లీ అన్నాడు. పడిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడిపోయింది. ఏమైందంటే, ఆ పిల్లకి వేలూ బొటనవేలూ కలపడం రాదు. ఎట్టొస్తది? పుట్టినకాడ్నించీ సంచిలో ఉన్న చెయ్యి ఒక్క ముద్దగానే ఉంటది గదా. ఏదన్నా తీసుకోమంటే గుప్పిడంతా వేసి మూసేది, తెరిచేది, అంతే. పళ్ళెంలో బెల్లంముక్క వేసి తీసుకోమంటే అరచేత్తో పళ్ళెమంతా తిప్పి తిప్పి, చివరికి దూడ మాదిరి నోరు పెట్టి తినిందంట. అప్పుడు ఆయన మొహం చూడాల. మీసం దువ్వే చెయ్యి ఆగిపోయింది.

ఇంక మొదలుపెట్టాడయ్యా చదువు. తెల్లారి లేస్తే పిల్లని చాప మీద కూర్చోబెట్టడం, ఎదురుగా దారపు కొసలు పరవడం, పట్టు, మెలెయ్యి, పట్టు, మెలెయ్యి. నూరుసార్లు చేస్తేగానీ లేవకూడదు. పిల్ల ఏడుపు. తాత అరుపు. మాణిక్యం గుమ్మం కాడ నిలబడి నోట్లో కొంగు కుక్కుకోని ఏడుపు. పదిరోజులు పోయేసరికి ఏమైందంటే, దారం కనపడితే చాలు నాంచారు రెండు చేతులూ చంకల్లో పెట్టుకోని ముడుచుకుపోతంది. వాళ్ళమ్మ జడగంటలు కట్టబోయినా దారమనుకోని పారిపోతంది. అటు చూస్తే కింద వీధిలో సాంబశివుడనే ఆయనకి ఆరేళ్ళ మనవడున్నాడు, వాడు అప్పటికే గుప్పెడు పోగులు అతికి చూపిస్తన్నాడంట. ఆ సంగతి మార్కండేయులికి ఎవరు చెప్పారో, చెప్పకుండా ఎవరుంటారులే, ఆ రోజు ఆయన అన్నం తినలా. తాతముత్తాతల చీర నా చేతుల్లోనే పోతందే అని మగ్గానికి తల ఆనించి కూర్చున్నాడంట.

అదుగో అప్పుడొచ్చింది పేరంటాలు. పేరంటాలంటే మార్కండేయులికి అక్క, తొమ్మిదేళ్ళు పెద్దది. మొగుడు ఏడేళ్ళు మంచాన ఉంటే ఎక్కడికీ కదల్లేకపోయింది, ఆయన పోయినాక పొరుగూళ్ళో కొడుకు కాడ ఉంటది, ఆ ఏడు చింతకాయల కాలం అయిపోంగానే కొత్త చింతపండు మూట నెత్తిన పెట్టుకోని తమ్ముడింటికొచ్చింది. ఆమె నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. ఊళ్ళో మార్కండేయుల్ని ఒరే అనేది ఆమె ఒక్కతే. గుమ్మంలో మూట దించి పిల్లని చూసింది, చేతులకి సంచులు చూసింది. ఏమే మాణిక్యం, పిల్లకి ఏం జబ్బే, చేతులు కాలినయ్యా అంది. లేదత్తా, నాయన చెప్పాడు అని మాణిక్యం అంతా చెప్పుకోని ఏడ్చింది. పేరంటాలు విన్నది, విన్నది, మూట మీదే కూర్చోని కడుపు పట్టుకోని నవ్విందంట. నవ్వీ నవ్వీ ఆగి, ఒరే మార్కండూ, కోడిపిల్లకి కాళ్ళు కట్టేసి పరిగెత్తలేదంటావేందిరా అంది. ఆయన అక్కాయ్, నీకు పట్టుపని సంగతి తెలవదు, నీ చింతపండు నువ్వు చూసుకో, పిల్ల చేతికి మట్టి తగిలిందా, రాయి తగిలిందా, నేను ఊరుకోను అన్నాడు. సరే నాయనా, మట్టి వద్దు, రాయి వద్దు, పిండి మెత్తగానే ఉంటది గదా, పిండి తగలొచ్చా అనడిగింది. ఆయన ఆలోచించాడు. పిండి మెత్తనే. తగలొచ్చు అన్నాడు. అక్కడ చిక్కాడు.

పేరంటాలు బియ్యప్పిండి ముద్ద కలిపి, సగానికి పసుపేసి, పిల్ల ముందు పెట్టి సంచులు ఊడబెరికింది. దారం లేదు చూసుకో, నీ ఒట్టు అని తన కొంగు కూడా దులిపి చూపించింది. పిల్ల దాన్ని ఒక చరుపు చరిచింది. ఏనుగా అంది పేరంటాలు. పిల్ల బిత్తరపోయి చూసింది. ఏనుగే, నేను చూళ్ళేదా ఏంది ఏనుగుని, లావుగా ఇట్టాగే ఉంటది, అయితే తోక లేదే, తోకలేని ఏనుగు ఈగల్ని ఎట్టా తోలుకుంటది పాపం అంది. నాంచారు కిసుక్కున నవ్విందంట. ఆ పిల్ల నవ్వగా విని ఎన్నాళ్ళయిందో, మాణిక్యం వంటింట్లోనించి చేతులు తుడుచుకుంటా వచ్చి నిలబడింది. ఇంక తోక కోసం తిప్పలు. తోక పెట్టాలంటే ముద్దలోనించి రవ్వంత పిండి గిల్లాల, గిల్లాలంటే వేలూ బొటనవేలూ కలవాల. గుప్పిడేసి లాగితే ఏనుగు సగం వచ్చేది. మళ్ళీ ముద్ద చెయ్యడం, మళ్ళీ లాగడం. పేరంటాలు ఒక్కసారన్నా ఇట్టా పట్టు అని చెప్పలా. ఈ ఏనుగు పోయింది, ఇంకో ఏనుగుని పుట్టించు అనేది. మూడోరోజు సాయంత్రానికి నాంచారు ఇంత తోక గిల్లి పెట్టింది. తోక వంకర. అయినా తోకే. అవ్వా, ఈగ వచ్చిందనుకో, ఇట్టా తోలుకుంటది అని తోక పట్టుకోని ఊపింది, అది ఊడొచ్చింది, ఇద్దరూ పొర్లి పొర్లి నవ్వారంట.

తరవాత నీళ్ళు. నీళ్ళు గరుకా తమ్ముడూ? కాదులే. అయితే సరే అని తడిగుడ్డలు పిండే ఆట పెట్టింది. ఎవరి గుడ్డలోనించి ఎక్కువ నీళ్ళు కారితే వాళ్ళు గెలిచినట్టు. నాంచారు పిండింది పిండి, మిగిలిన తడిగుడ్డ తీసుకుపోయి అరుగు మీద కునుకుతున్న తాత బట్టతల మీద పిండింది. ఆయన లేచి గోల. పేరంటాలు, నీళ్ళు మెత్తనేగదరా అంది. ఆ తరవాత పెసలు. పెసలు నున్నగా ఉంటయ్యిరా, గరుకేముంది? పెసలూ మినుములూ కలిపిపోసి, కోడికి పెసలంటేనే ఇష్టం, మినుములు పెడితే అలిగి గుడ్డు పెట్టదంట, ఏరిపెట్టు అంది. కోడి రెండూ తింటది, అది మనకి తెలుసు, పిల్లకి తెలవదు. పిల్ల ఏరతా ఉండేది, కోడి ఆగలేక మధ్యలో దూరి పొడిచేది, దాన్ని తరమడం, మళ్ళీ కూర్చోని ఏరడం. తాత రోజూ వచ్చి పిల్ల వేళ్ళు తడిమి చూసుకునేవాడు, మెత్తగానే ఉన్నయ్, ఏం చేస్తందిరా ఈమె అనుకుంటా పోయేవాడు.

ఇంక చింతపిక్కలు. చింతపండు కొట్టి తీసిన పిక్కలు కుండెడున్నయ్. చూడు మార్కండూ, అద్దం మాదిరి నిగనిగలాడతన్నయ్, నీ పట్టుకన్నా నున్నన అని ఆయన చెంపకి రుద్ది మరీ చూపించి ఒప్పించింది. మీకందరికీ తెలుసుగా ఆట, పిక్కలు కుప్పబోసి, ఒక్క ఊదు ఊది, చెదిరినవాటిని ఒక్కోటి తియ్యాల, పక్కనున్నది కదిలిందా, చెయ్యి అవతలోళ్ళకి పోద్ది. ఈ ఆటలో పేరంటాలు పిల్లని గెలవనిచ్చేది కాదంట, అక్కడ మాత్రం జాలీ గీలీ లేదు. కదిలింది, నా ఆట. అవ్వా కదల్లేదు. కదిలింది, నా కళ్ళు పోలేదు. పిల్ల ఉడుక్కోని, మూతి బిగబట్టి, ఊపిరి బిగబట్టి, ఆ చిటికెన వేలు గాల్లో పెట్టుకోని మెల్లిగా తీసేది. ఈ చప్పుడుకి పక్కిళ్ళ పిల్లకాయలు గోడెక్కారు. గోడ దిగారు. నాంచారుకి ఆరేళ్ళొచ్చినాక మొదటిసారి తోటిపిల్లలు తనింట్లో కూర్చున్నారు. వాళ్ళు ఊరుకుంటారా, రా ఆడదాం, రా పెరట్లోకి, రా అచ్చంగిల్లాలాడదాం. ఆ ఆట రాళ్ళు ఎగరేసి పట్టుకునేది గదా. పేరంటాలు అటు చూసింది, ఇటు చూసింది, తమ్ముడు చీరలమ్ముకోను దూరపు సంతకి పోయున్నాడు, వారందాకా రాడు, పోవే అంది.

ఇప్పుడేమైందంటే, సంతనించి మార్కండేయులు ఒకరోజు ముందే వచ్చాడు. పెరట్లోకి పోయి చూశాడు. రంగునీళ్ళు పారబోసే కాడ బురదలో మనవరాలు మోచేతులదాకా మునిగుంది. బురదతో బుడిబుడి కుండలు చేసి వరసగా పెట్టింది, వాటికి మూతలు కూడా పెట్టింది, మూతలకి పట్టుకునేదానికి బుడిపెలు కూడా పెట్టింది. అయ్యేమీ ఆయన చూళ్ళేదు. చేతులే చూశాడు. గోళ్ళలో మట్టి, వేళ్ళ కొసలు రాళ్ళ మీద ఆడీ ఆడీ గరుకెక్కినయ్, బొటనవేలికి ఒక గీరుడు.  అప్పుడొచ్చింది చూడు ఆయన నోట మాట, ఏడిళ్ళవతలికి వినపడిందంట. నా ఇల్లు ముంచావక్కా, నా చీర పోయింది, ఈ చేత్తో పట్టు ముట్టుకుంటే పీచు పీచైపోద్ది, ఇంక నెలరోజులుంది, ఈ గరుకు ఎప్పుడు పోవాల, నువ్వు పో, మీ ఊరికి పో అన్నాడు. పేరంటాలు ఎంత మాటకైనా నవ్వే మనిషి, ఆ మాటకి నవ్వలేదు. ఇది నా పుట్టిల్లురా, పొమ్మనేదానికి నువ్వెవరివి, పోగు అతికే రోజు చూసి పోతాను, అప్పటిదాకా కదలను, పిల్ల ఆటా కదలదు అని మూట మీద కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుందంట, దుమ్ము పడిందని చెప్పిందంట ఎవరో అడిగితే. ఆ నెలంతా అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. ఉప్పు కావాలన్నా మాణిక్యంతో చెప్పించుకునేవాళ్ళు. ఆయన మాణిక్యంతో ఇంకో మాట కూడా చెప్పాడు. అమ్మా, ఆ రోజన్నా పిల్ల చేతులకి నాలుగుసార్లు ఆవదం పట్టించు, గరుకు కొంచెమన్నా అణుగుద్ది అన్నాడు. పిల్లని మాత్రం పెరట్లోనించి ఎవరూ లాగలేకపోయారు. అక్కడే పిల్లకాయలతో పుల్లబొమ్మలకి తెగిన దారాలు మెలేసి చీరలు కట్టీ కట్టీ, దారమంటే భయం కూడా మరిచిపోయింది.

వచ్చిందా రోజు. మగ్గం కడిగి, పసుపురాసి, కొత్త పడుగు తెచ్చి పక్కన ఆనించారు. ఊరి పెద్దలంతా చాపల మీద కూర్చున్నారు. కులపెద్ద, తెల్లమీసాలాయన, మధ్యలో కూర్చున్నాడు. కింద వీధి సాంబశివుడు మనవణ్ణి తలకి నీళ్ళుపోసి, కొత్తచొక్కా తొడిగించి తెచ్చుకున్నాడు, ఎందుకు తెచ్చాడో అందరికీ తెలుసు. నాంచారుని తెచ్చారు. తలంటుపోసి, పట్టుపావడా కట్టి. మాణిక్యం పాపం నాయన చెప్పినట్టే తెల్లారినకాడ్నించీ నాలుగుసార్లు ఆవదం పట్టించింది, చేతులు దీపం కుందె మాదిరి మెరుస్తన్నయ్. పాత కొస ఒకటి, కొత్త కొస ఒకటి. నాంచారు రెండూ పట్టుకోని కలిపి మెలేసింది. వేళ్ళు చక్కగా కలిసినయ్, మెలిక చక్కగా తిరిగింది, అందరూ చూశారు. కులపెద్ద కొంచెం లాగి చూడంగానే జారిపోయింది. ఒకటి అన్నాడాయన. పిల్ల మళ్ళీ తీసుకోని, ఈసారి ఇంకా గట్టిగా మెలేసింది. వేళ్ళ మధ్యనే జర్రున జారింది. అదీ ఆవదమేనాయె. రెండు అన్నాడు. మార్కండేయులు కళ్ళు మూసుకున్నాడు. మాణిక్యానికి అప్పుడు తెలిసింది తను చేసిన పని, నోరెత్తకూడదు, గోడకి ఆనుకోని నిలబడిపోయింది. పేరంటాలు కూడా నోరు తెరవడానికి లేదు, ఆమె నోరు తెరవకుండా ఉండటం ఆ ఊళ్ళో అందరూ ఆరోజే చూశారంట. సాంబశివుడు మనవడి భుజం మీద చెయ్యేసి ముందుకి జరిపాడు.

నాంచారు తన చేతులు చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి. లేచిందంట. లేచి, పెద్దలంతా చూస్తండంగానే, నేరుగా గుమ్మం దాటి వాకిట్లోకి పోయి, పట్టుపావడాతోనే గొంతుకూర్చోని, ఎండిన మట్టిలో రెండు చేతులూ పెట్టి బరబరా రుద్దింది. అరచేతులు, వేళ్ళు, వేళ్ళ సందులు. అచ్చంగిల్లాలాడే పిల్ల ఎవరైనా అదే చేస్తది, చెమట చేతికి రాయి నిలవదు గదా. రుద్ది, పావడాకి ఒకసారి తుడుచుకోని, మళ్ళీ వచ్చి మగ్గం ముందు కూర్చుంది. అమ్మవారి పోగుకి మట్టి చేతులా అని ఎవరో గొణిగారు. కులపెద్ద చెయ్యెత్తాడు, నోరు మూసుకోమని. నాంచారు పాత కొసల గుంపులోనించి, పక్కది కదలకుండా, ఒక్కటి పైకి తీసింది. కొత్త కొస తెచ్చి దానికి ఆనించింది. ఊపిరి బిగబట్టింది. వేలూ బొటనవేలూ మధ్యన పెట్టి ఒక్క మెలిక, ఇంకో మెలిక, ఒక నొక్కు. చెయ్యి తీసింది. కులపెద్ద వంగి లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. పడుగంతా ఊగింది గానీ అతుకు ఊడలేదు. అప్పుడాయన అందరివంకా చూసి ఏమన్నాడంటే, ఏమయ్యా, మనం మాత్రం చెయ్యి జారుతుంటే బూడిద రాసుకోమా, ఈ పిల్లకి బూడిద సంగతి ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలా, తనకి తనే తెలుసుకుంది, అతుకెట్టాగూ కోసేస్తాం, చీరలోకి రాదు, చెయ్యి మాత్రం వచ్చింది, చీర ఈ ఇంటిదే అన్నాడంట.

ఇంక డప్పులు, గోల, మాణిక్యం పిల్లని గుండెకి అదుముకోని ఏడుపు. నాంచారేమో విసుగ్గా, అమ్మా వదులు, ఇంకా ఎన్ని కొసలున్నయ్యో చూడు, అన్నీ నేనే అతకతా అంటది. ఒక్కటి చాలమ్మా అంటే వినదు. ఒక్కటికే అయిపోతే ఆటేముంది అంటది. ముప్పైదాకా అతికిందంట, వండిన పులిహోర చల్లారిపోయింది, పెద్దలంతా ఆకలికి గుటకలు మింగతా కూర్చున్నారు, లేవమంటే పిల్ల ఏడుస్తదని భయం. సాంబశివుడి మనవడు ఊరుకుంటాడా, వాడూ పక్కకొచ్చి కూర్చోని అతకడం మొదలుపెట్టాడు. నీది కదిలింది, నా ఆట అని ఇద్దరికీ తగువు.

అందరూ తినిపోయినాక మార్కండేయులు అక్క కాడికొచ్చి కింద కూర్చున్నాడంట. నెల తరవాత మాట. అక్కాయ్, నాదే తప్పు, ఆవదం నేనే పెట్టించాను అన్నాడు. అని ఊరుకోకుండా, అయితే నాకొక సంగతి అర్థం కావట్లా, నేను ఆటలెప్పుడు ఆడాను, నాలుగేళ్ళు నిండంగానే నాయన నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు, తప్పు చేస్తే కర్రతో వేళ్ళ మీద కొట్టాడు, అట్టా గదా నాకు పనొచ్చింది, మరి నాకెట్టా వచ్చిందంటావు అనడిగాడు. పేరంటాలు తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుందంట. తరవాత, ఒరే మార్కండూ, నువ్వు పుట్టేనాటికి నాకు తొమ్మిదేళ్ళురా, అమ్మ దారాలు చుట్టుకుంటా, నాయన గుంటలో, నిన్ను తెచ్చి నా చంకన పడేశారు, నాలుగేళ్ళు నువ్వు నేల మీద కన్నా నా చంకనే ఎక్కువున్నావు, ఆ రంగునీళ్ళ బురదలోనే నీకు కుండలు చేసిచ్చాను, నీచేత చేయించాను, ఇదే పెరట్లో నీచేత పిక్కలు తీయించాను, నాలుగేళ్ళు నిండేసరికి నువ్వు నన్నే ఓడించేవాడివి, నీకు గుర్తు లేదు గానీ నీ వేళ్ళకి గుర్తుంది, నాయన గుంటలో కూర్చోబెట్టేనాటికే నీకు చేతులొచ్చినయ్యిరా, దెబ్బలు ఆ తరవాత వచ్చినయ్ అందంట. అరవై ఏళ్ళనించీ మా నాయన కొట్టి నేర్పాడు, మా నాయన కొట్టి నేర్పాడు అని ఊరంతా చెప్పుకుంటన్నావు, వింటానే ఉన్నాను, పోన్లే తమ్ముడే గదా అని ఊరుకున్నాను అంది.  ఆయన అక్క చేతులు రెండూ తీసుకోని, ముడతలుపడి చింతపండు నల్లగా పట్టిన చేతులు, మొహానికి ఆనించుకోని, ఆ వయసులో, పిల్లాడి మాదిరి ఏడ్చాడంట.

అంతేనమ్మా, ఇంకేముంది. ఆ తరవాత ఎవరన్నా నీకు పని నేర్పిందెవరయ్యా అంటే, మా అక్క అనేవాడంట మార్కండేయులు, బతికినన్నాళ్ళూ. మంచిదే, ఎప్పటికో అప్పటికి చెప్పాడు. నేనూ ఇద్దరు తమ్ముళ్ళని చంకనేసుకోని పెంచినదాన్నే, ఒకడు మేస్త్రీ అయినాడు, ఒకడు బంగారం పని చేస్తన్నాడు, ఏరా చేతులెట్టా వచ్చినయ్యిరా అంటే దేవుడిచ్చాడు అంటారిద్దరూ. దేవుడికేం, నడుం నొప్పి నాకు గదా.